పేరు చెక్కించుకోని దాత

మన ఊళ్లలో గుడికి ఫ్యాను ఇచ్చినాయన పేరు ఆ ఫ్యాను రెక్కల మీదే ఉంటుంది. మీట వేశాక ఎవరూ చదవలేరని తెలిసి కూడా రాయిస్తారు. ట్యూబులైటు ఇచ్చిన దాతగారి పేరు, వారి నాన్నగారి పేరు, ఊరి పేరు వరసగా గొట్టం మీదికి ఎక్కేసరికి సగం వెలుతురు ఆ అక్షరాలే తినేస్తాయి. ఇందులో మహాపరాధం ఏమీ లేదు. డబ్బు ఆయనది, పేరూ ఆయనదే. పేరు కోసమైనా ఇచ్చాడు కదా అని సర్దుకుపోతాం.

ఈ లెక్కలో చూస్తే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు వింత మనిషే. ఆయన సంపాదనతో నిలబడ్డవాటి పేర్లు వరసగా చెప్పుకోండి: అమృతాంజనం, ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల. ఒక్కదాంట్లోనూ కాశీనాథుని లేదు, నాగేశ్వర లేదు. ఆయన కాలంలోనే పిఠాపురం మహారాజావారి పోషణలో మొదలైన గొప్ప నిఘంటువును ఇప్పటికీ సూర్యరాయాంధ్ర నిఘంటువనే అంటున్నాం. అది తప్పని కాదు, ఆ రోజుల మర్యాదే అది. రాజుగారు ఇస్తే రాజుగారి పేరు. పంతులుగారు మాత్రం వ్యాపారం చేసి గడించి, ఆ గడించినదాన్ని తెలుగు అచ్చులో పోసి, పైన తన పేరు వేసుకోకుండా వదిలేశారు. జనం ఊరుకోలేదనుకోండి. ‘విశ్వదాత’ అన్నారు, ‘దేశోద్ధారక’ అన్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ ఇచ్చింది. ఇన్ని బిరుదులున్న మనిషిని ఈ తరంలో ఎందరు గుర్తుపడతారో చెప్పలేను. ఆయన సీసాను మాత్రం అందరూ గుర్తుపడతారు.

పది అణాల సీసా

పుట్టింది 1867 మే 1న, కృష్ణా జిల్లా ఎలకుర్రులో. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. కొంత చదువు ఊళ్లో, కొంత బందరులో. ఆ తరవాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ, 1891లో బీయే. బీయే ప్యాసైన బ్రాహ్మణ కుర్రవాడికి ఆ రోజుల్లో కళ్లెదుట ఉన్న దారులు రెండు. సర్కారు కచేరీలో ఉద్యోగం, లేదా ప్లీడరు గుమాస్తాగా చేరి మెల్లగా ప్లీడరు కావడం. పెద్దలకు రెండూ గౌరవమే. కొట్టు పెట్టుకుంటాను, సరుకు అమ్ముతాను అంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకునేవారు కాదు.

ఆయన కొట్టువైపే నడిచారు. మద్రాసులో చిన్న వ్యాపారం చేసి చూశారు. కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో పనిచేశారు. ఏ దినుసు ఎక్కడ దొరుకుతుంది, ఏది ఏ పాళ్లలో కలుస్తుంది, సీసాలోకి ఎలా ఎక్కించాలి అన్న విద్య ఆయనకు అక్కడే పట్టుబడింది. అక్కణ్నించి బొంబాయి. ఒక ఐరోపా వర్తకుడి కంపెనీలో చేరి పైకొచ్చారు. జీతం బాగానే ఉంది, కానీ మనసు సొంత వ్యాపారం మీదే. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కాలేజీ విడిచి రెండేళ్లే అయింది.

ఆ మందు ఏం చేస్తుందో తెలుగిళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సీసా మూత తిప్పగానే గది గదంతా ఘాటు. వేలికొసతో పిసరంత తీసి రెండు కణతలకూ పట్టిస్తే ముందు చల్లగా, కాసేపటికి మంటగా ఉంటుంది. పొరపాటున ఆ వేలు కంట్లో పెట్టుకుంటే తలనొప్పి సంగతే మరిచిపోతాం. పడిశం పడితే మరిగిన నీళ్లలో కాస్త వేసి, దుప్పటి ముసుగేసుకుని ఆవిరి పడతాం. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, గంధపూర తైలం, ఈ జాతి మందులకు ఇవే ప్రాణం. పుదీనా పువ్వు చర్మంలో చలిని కనిపెట్టే నరాలను తట్టి లేపుతుంది, గంధపూర తైలం వెచ్చదనాన్ని పుట్టిస్తుంది. నొప్పి మీదున్న ధ్యాసను ఒళ్లే పక్కకు మళ్లించుకుంటుంది. తలనొప్పి ఎందుకొచ్చిందన్న విచారణ ఈ మందుకు పట్టదు. అయినా అర్ధరాత్రి తలపట్టుకుని కూర్చున్న మనిషికి అంతకంటే ఏం కావాలి?

మొదట్లో సీసా వెల పది అణాలని చెబుతారు. ఇప్పుడు వినడానికి చవకగా ఉంటుంది గానీ, కూలిమనిషి రోజంతా రెక్కలు ముక్కలు చేసుకుంటే అణాలే చేతికొచ్చే కాలమది. అతనికి పది అణాలంటే రెండు మూడు రోజుల కష్టం. కాబట్టి ఈ సీసా మొదట కొన్నవాళ్లు బొంబాయి ఆఫీసుల్లో దస్తావేజుల మీద వంగి కళ్లు పోగొట్టుకునే గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, వర్తకుల లెక్కలు రాసేవాళ్లు అయివుండాలి. తలనొప్పి వాళ్లకు వృత్తిలో భాగం. సీసా ఒకటి కొంటే ఇంటిల్లిపాదికీ నెలల తరబడి వస్తుంది. పేరూ ఊరూ తెలియని కొత్త మందు మీద పది అణాలు పెట్టమని వాళ్లను ఒప్పించడమే అసలు చిక్కు.

దానికి పంతులుగారు వేసిన ఎత్తు ఇప్పటికీ చెప్పుకుంటారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు అమృతాంజనం ఊరికే పంచిపెట్టడం. ఇందులో ఎంత తెలివి ఉందో కాస్త ఆగి చూడాలి. కచేరీ గంటల తరబడి సాగుతుంది. గాలాడని హాలు, కిక్కిరిసిన జనం, నిద్రవేళ దాటిపోయింది. తలనొప్పి రాని మనిషి ఉండడు. ఒకాయన కణతకు రాసుకుంటే ఆ వాసన చుట్టూ పదిమందికి తగులుతుంది. పత్రికలో ప్రకటన వేసినా అంతమంది ముక్కుదాకా పోదు. ఇల్లు చేరాక భార్యకు చూపిస్తాడు, సీసా అయిపోయాక ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు.

దీన్ని దానమని ఎవరూ అనరు. శుద్ధ వ్యాపారం. కానీ చేతిలో సరుకు ఊరికే పెడితే మనిషి మళ్లీ వస్తాడన్న సంగతి ఆయనకు ఇక్కడే బోధపడింది. తరవాత పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ ఆయన చేసింది చూస్తే, ఆ పద్ధతే వేరే సరుకుతో సాగిందనిపిస్తుంది. దానగుణం ఆయనలో వ్యాపారానికి విరుగుడుగా పుట్టలేదు, వ్యాపారంలోనే పుట్టింది. ఆయన జీవితం చదివినకొద్దీ నాకు బలపడుతున్న అభిప్రాయం ఇది.

బొంబాయిలో తెలుగు అచ్చు

బొంబాయిలో తెలుగువాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి వలసవెళ్లిన కూలీలు, మేస్త్రీలు, నేతపనివాళ్లు. కామాఠీపురా అన్న పేటకు ఆ పేరు వచ్చింది వాళ్లవల్లే. ఊరు కట్టింది వాళ్లు, మిల్లుల్లో మగ్గాలు నడిపింది వాళ్లు. చదివేవాళ్లు మాత్రం తక్కువ. తెలుగు అచ్చుకు పుట్టిల్లు మద్రాసు. తెలుగు టైపు, అది కూర్చే పనివాడు, ప్రూఫు దిద్దే పండితుడు, అన్నీ అక్కడే. బొంబాయిలో కూర్చుని తెలుగు వారపత్రిక నడుపుతానంటే వ్యాపారం తెలిసిన ఏ మనిషైనా వద్దనే అంటాడు.

పైగా కాలం చూడండి. 1907 వేసవిలో బిపిన్ చంద్రపాల్ కోస్తా ఊళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చారు, వందేమాతరం ఊరూరా మోగింది. ఆ డిసెంబరులో సూరత్ కాంగ్రెస్ రెండుగా చీలింది. ఆ సభకు వెళ్లివచ్చాకే తెలుగువాళ్లకు ఒక గట్టి పత్రిక ఉండాలన్న ఆలోచన పంతులుగారిలో ముదిరిందంటారు. మరుసటి ఏడు పత్రికలకు గడ్డుకాలం. 1908 జూన్‌లో సర్కారు పత్రికల మీద కొత్త చట్టం తెచ్చింది. జూలైలో, అదే బొంబాయి హైకోర్టులో, ‘కేసరి’లో రాసిన వ్యాసాలకు బాలగంగాధర తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడింది. మిల్లు కార్మికులు ఆరు రోజులు పని మానేశారు, వీధుల్లో కాల్పులు జరిగాయి. ఇక్కడ బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఆ ఏడాదే పట్టుకుని జైల్లో వేశారు. పత్రిక పెట్టడమంటే జైలు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకోవడమే అని అందరికీ తెలిసిపోయింది.

ఆ సెప్టెంబరులో, తిలక్‌కు శిక్ష పడి రెండు నెలలు తిరక్కుండానే, అదే బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక మొదటి సంచిక వచ్చింది.

డబ్బున్నవాడు పత్రిక పెట్టడం మన కాలంలో కొత్తేమీ కాదు. స్థలాల వ్యాపారమో కాంట్రాక్టులో నడుస్తుంటే, కాపు కాయడానికి చేతిలో ఒక పత్రికో చానలో ఉంటే మంచిదని పెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాం. పంతులుగారి విషయంలో ఇది తిరగబడింది. బాగా నడుస్తున్న మందుల వ్యాపారానికి పత్రికవల్ల వచ్చే లాభం స్వల్పం, సర్కారు కన్నెర్ర చేస్తే వచ్చే నష్టం మాత్రం పెద్దది. దేశమంతటా సీసాలు రైలెక్కి పోవాలంటే సర్కారుతో తగువు పనికిరాదు. తెలిసే దిగారు.

పత్రిక లెక్కల్లో పోయినదాన్ని అమృతాంజనం లెక్కల్లో వచ్చినది పూడ్చింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఇదే ఏర్పాటు. తలనొప్పి డబ్బుతో తెలుగు పత్రిక నడుస్తోందని చమత్కరించిన వాళ్లుంటే ఉండవచ్చు. పత్రిక నడపడమే పెద్ద తలనొప్పి కనుక ఆ రెంటికీ జత కుదిరిందని ఈ వృత్తిలో ఉన్నవాణ్ని కాబట్టి నేనంటాను.

తంబుచెట్టి వీధి

1914లో ఆంధ్రపత్రిక మద్రాసుకు మారింది. ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక అయింది. జార్జిటౌన్‌లో తంబుచెట్టి వీధిలో ఆఫీసు. అప్పట్లో క్రిస్టియన్ కాలేజీ ఇంకా తాంబరం పోలేదు, హైకోర్టు ఎదురుగా ఎస్‌ప్లనేడ్‌లోనే ఉండేది. కుర్రతనంలో పుస్తకాలు పట్టుకుని తిరిగిన పేటకే, అచ్చుయంత్రాలు వెంటబెట్టుకుని, నలభై ఏడో ఏట తిరిగొచ్చారు.

దినపత్రిక మొదలైన నాలుగు నెలలకు ఐరోపాలో యుద్ధం వచ్చిపడింది. ధరలు పెరిగాయి. మన కుర్రవాళ్లను పట్టాళాల్లో చేర్చుకుని ఓడలెక్కించారు. ‘ఎండెన్’ అన్న జర్మనీ ఓడ ఆ సెప్టెంబరు 22 రాత్రి వచ్చి మద్రాసు రేవు మీదే గుండ్లు పేల్చి, నూనె ట్యాంకులు తగలబెట్టి పోయింది. తంబుచెట్టి వీధి ఆ రేవుకు కూతవేటు దూరం. ఏం జరుగుతోందో ఏ రోజుకారోజు తెలుసుకోవాలన్న ఆత్రం అంతకుముందు తెలుగు పల్లెకు లేదు. వారానికోసారి వచ్చే కబురు సరిపోయేది. యుద్ధం దాన్ని మార్చేసింది. మద్రాసు మెయిల్లో దిగిన పత్రిక కట్టలు విప్పి, చదవడం వచ్చిన ఒకాయన అరుగు మీద కూర్చుని గట్టిగా చదివితే చుట్టూ చేరి వినడం ఊళ్లలో అలవాటైంది. ఒక ప్రతికి ఎంతమంది పాఠకులో ఏ చందాల పుస్తకమూ చెప్పలేదు.

ఆంధ్రపత్రిక పాఠకుడికి అసలు పండగ మాత్రం ఉగాదికి. బొంబాయి రోజుల్లోనే మొదలైన సంవత్సరాది సంచికలు మద్రాసులో ఇంకా బలిశాయి. పెద్ద సైజు, మందపాటి కాగితం, రంగుల బొమ్మలు. శాసనాల మీద వ్యాసం పక్కనే పద్యాలు, వాటి పక్కన వ్యవసాయం, ఆ పక్కన ఏదో దూరదేశపు విశేషం. పాత గ్రంథాలయాల్లో ఈ సంచికలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. అట్టలు ఊడిపోయి, అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. జాగ్రత్తగా తిప్పుతూ పోతే వ్యాసాల మధ్య అమృతాంజనం ప్రకటన ఎదురవుతుంది. ఇంత సంచికకు ఖర్చు పెట్టింది ఎవరో చెప్పకుండా చెప్పే పుట అది. ‘దాత’ అన్న మాట అక్కడ ఉండదు. సరుకు పేరు ఉంటుంది, చిరునామా ఉంటుంది. తన పత్రికలో తన మందుకు ప్రకటన వేసుకోవడం వ్యాపార ధర్మమే, ఆయన అదీ వదులుకోలేదు. పంతులుగారిని పూలరథం మీద కూర్చోబెట్టి చెప్పుకునేవాళ్లు ఈ సంగతి దాటవేస్తారెందుకో. చేతిలో చిల్లిగవ్వ మిగలకుండా ఇచ్చేసే మనిషైతే పత్రిక ఆరు నెలలకే మూతబడేది.

‘భారతిలో పడింది’

1924 జనవరిలో సాహిత్య మాసపత్రిక ‘భారతి’ మొదలైంది. దాని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

తెలుగులో రాసేవాడికి సుమారు యాభై ఏళ్లపాటు ‘నా వ్యాసం భారతిలో పడింది’ అనగలగడం ఒక పట్టా. ఊళ్లో పంతులుగిరీ చేసుకునే మనిషి రాత్రిళ్లు కిరసనాయిలు దీపం ముందు కూర్చుని ఒక తామ్రశాసనం చదివి, దాన్లో రాజు ఎవరో తేల్చి, కాగితాలు కవరులో పెట్టి మద్రాసుకు పంపేవాడు. అది అచ్చయితే మూడు నెలల్లో ఇంకో జిల్లా నుంచి ఇంకో పంతులు ఖండిస్తూ రాసేవాడు. మొదటాయన సమాధానం, రెండో ఆయన ప్రత్యుత్తరం. వేషం మారిన శాస్త్రచర్చలవి. చరిత్రకు, శాసనాలకు, పాత కవుల కాలనిర్ణయానికి తెలుగులో విశ్వవిద్యాలయం చేయాల్సిన పని చాలావరకు ఈ మాసపత్రిక చేసింది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి చరిత్రకారుడు విశ్వవిద్యాలయ పీఠం ఎక్కకముందు పంతులుగారి నీడనే పనిచేశారు. కాలేజీ డిగ్రీ లేని పండితుడికి జీతమిచ్చి కుర్చీ వేసిన చోటు ఇంకెక్కడుంది ఆ రోజుల్లో?

పండితులదే రాజ్యమనుకోవద్దు. భావకవులు వచ్చారు, చిత్రకారుల రంగుబొమ్మలు వచ్చాయి. ఆ తరవాత కవిత్వాన్నే మలుపు తిప్పిన శ్రీశ్రీ తొలినాళ్ల పద్యాలు కూడా భారతిలో వచ్చాయి. ఛాందసులూ నవీనులూ ఒకే అట్ట కింద సర్దుకున్నారు. ఎవరికి ఎవరు నచ్చకపోయినా వేదిక ఒకటే. ఇప్పుడు తెలుగులో అలాంటిది ఒక్కటి చూపించమంటే నాకు తోచడం లేదు.

రెండేళ్లకు, 1926లో, ఆంధ్ర గ్రంథమాల. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’ వేటూరి ప్రభాకరశాస్త్రిగారి విపులమైన పీఠికతో అచ్చయింది దీన్లోనే. ద్విపద అంటే పండితులకు చిన్నచూపు. ముసలమ్మల పాటలకు పనికొచ్చే ఛందస్సని పక్కన పెట్టారు. శివకవుల గ్రంథాలు తాటాకుల్లో, మఠాల్లో, కొద్దిమంది చేతుల్లో పడివున్నాయి. బెస్తలు, చాకళ్లు, కుమ్మరులు, మాదిగలు భక్తులై శివుణ్ని నిలదీసే కథలవి. వాటిని పరిష్కరించి, పీఠిక రాయించి, అచ్చువేసి, వెల తక్కువ పెట్టి మధ్యతరగతి ఇంటికి చేర్చడం చిన్న పని కాదు. ‘పండితారాధ్య చరిత్ర’, ‘జీర్ణ విజయనగర చరిత్ర’, ‘తంజావూరాంధ్ర నాయకుల చరిత్ర’ ఆ వరసలోవే. లాభం చూసి వేసే పుస్తకాలు కావివి. లాభం చూసే ప్రచురణకర్త పంచాంగమో, పెద్దబాలశిక్షో వేసుకుంటాడు, హాయిగా అమ్ముడుపోతాయి.

వెల తక్కువ పెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం పెట్టించే ఉద్యమం నడుపుతున్న కాలమది. గది దొరుకుతుంది, బెంచీ దొరుకుతుంది, నలుగురు కుర్రాళ్లు దొరుకుతారు. అలమరలో పెట్టడానికి పుస్తకాలే లేవు. గ్రంథమాల వాటిని నింపింది. సంగీత కచేరీలో సీసా పంచిన మనిషే ఇక్కడా కనిపిస్తాడు. ముందు సరుకు జనం చేతికి అందాలి, రుచి ఆ తరవాత అదే మరుగుతుంది.

కొమర్రాజు లక్ష్మణరావుగారు తలకెత్తుకున్న ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ ఆయన 1923లో పోవడంతో నడుమ ఆగిపోయింది. అచ్చయిన సంపుటాలు మూడే, ‘అ’కారమైనా పూర్తి కాలేదు. దాన్ని మళ్లీ పట్టాలెక్కించే బాధ్యత పంతులుగారు తీసుకున్నారు. పండితుల్ని పెట్టారు, డబ్బు పెట్టారు. అది మాత్రం ఆయనవల్లా ముగింపుకు రాలేదు.

ఒక్క మనిషికి మూడు కుర్చీలు

పంతులుగారి దాతృత్వం చెప్పుకునేటప్పుడు మరుగునపడే సంగతి ఒకటుంది. పత్రిక యజమాని ఆయనే, సంపాదకుడూ ఆయనే, 1924 నుంచి పదేళ్లపాటు చాలావరకు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడూ ఆయనే. పార్టీ అధ్యక్షుడే పెద్ద దినపత్రికకు సంపాదకుడైతే ఆ పార్టీ లోపాలు ఎవరు రాయాలి? ఇప్పుడైతే ఈ ప్రశ్న అడగకుండా ఉండం. అప్పుడూ అడిగినవాళ్లున్నారు, మద్రాసు రాజకీయాల్లో జస్టిస్ పార్టీ వైపువారికి ఆంధ్రపత్రిక అంటే కాంగ్రెస్ పత్రికే.

ఆయన పక్షాన చెప్పాల్సింది కూడా చెబుతాను. ఆ పక్షంలో ఉండటంవల్ల ఆయనకు ఒరిగింది పదవీ కాదు, కాంట్రాక్టూ కాదు. ఉప్పు సత్యాగ్రహంలో అరవై దాటిన వయసులో జైలుకు వెళ్లారు. అక్కడ కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్య రాసుకున్నారు. లక్షలు ఆర్జించే కంపెనీ యజమాని జైలు కూడు తింటుంటే బజార్లో ఆయన మందు అమ్మకాలు ఆగలేదు, కోటలో కూర్చున్న సర్కారుకు ఇది ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు చట్టమే దానం చేయమంటోంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక హద్దు దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దానికో కమిటీ, దానికో నివేదిక, బడి గోడ మీద కంపెనీ బొమ్మతో ఒక బోర్డు. మంచిదే, బడికి మరుగుదొడ్డి వస్తోంది. పంతులుగారు తన ఆదాయంలో ఎంత శాతం పత్రికకు పెట్టారో, ఎంత పుస్తకాలకు, ఎంత గుమ్మంలోకి వచ్చినవాడి చేతిలో పెట్టారో లెక్క తీయబోతే దొరికేలా లేదు. అడిగినవాడికి లేదనకపోవడం ఆయన అలవాటని సమకాలికులు రాశారు. పత్రికకు, గ్రంథమాలకు, పార్టీకి, అడిగినవాడికి వేరువేరు గల్లాపెట్టెలు లేవు. మేలు జరిగింది దానివల్లే, ఆయన తరవాత చిక్కులు వచ్చిందీ దానివల్లే అని నా అనుమానం. సంస్థగా నిలబెట్టిన దానానికి మనిషి పోయాక కూడా కాళ్లుంటాయి. మనిషి మీద ఆనుకున్న దానానికి ఉండవు.

శ్రీబాగ్‌లో ఒక సాయంకాలం

మైలాపూరు లజ్ ప్రాంతంలో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్. 1937 నవంబరు 16న ఆ ఇంట్లో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని రాసుకున్న కాగితమే శ్రీబాగ్ ఒప్పందం. 2019 తరవాత ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల వాదం లేచినప్పుడు టీవీ చర్చల్లో ఈ పేరు రోజూ మోగింది. మాట్లాడినవాళ్లలో ఎందరికి శ్రీబాగ్ ఒక మందుల వ్యాపారి ఇల్లని తెలుసో!

పరిస్థితి ఇది. ఆంధ్ర రాష్ట్రం కావాలని 1913 బాపట్ల సభ నుంచీ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో కోస్తావాళ్లదే ముందువరస. రాయలసీమకు అనుమానం: మద్రాసు పెత్తనం పోయి కృష్ణా గోదావరి జిల్లాల పెత్తనం వస్తే మాకేంటి? 1926లో వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై వాల్తేరు చేరింది గానీ అనంతపురం చేరలేదు. కాలవల నీళ్లతో పచ్చబడ్డ డెల్టావాళ్లు కరవుసీమ గోడు పట్టించుకుంటారన్న నమ్మకం లేదు. నమ్మకం కుదిరితే తప్ప ఉమ్మడిగా అడగడం కుదరదు.

ఆ రోజు కుదిరిన మాటలు ఇవి. విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలో పెట్టాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరుకూ ముందు వంతు. రాజధాని, హైకోర్టు రెండూ ఒక్కచోట ఉండకూడదు, ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది. కోస్తా రాయలసీమ పెద్దలు కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు వంటివారి సంతకాలు ఉన్నాయి.

ఇరుపక్షాలవాళ్లూ ఆ గుమ్మం తొక్కడానికి సందేహించలేదన్నది చూడాలి. పార్టీ అధ్యక్షుడిగా చేసినందుకో, పత్రిక చేతిలో ఉన్నందుకో మాత్రమే అది జరగదు. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి దగ్గర ఏదో ఒకటి పుచ్చుకోని సంస్థ రెండు ప్రాంతాల్లోనూ అరుదు. పుచ్చుకున్నవాళ్లను ఆయన ఏమీ అడగలేదన్నది కూడా అందరికీ తెలుసు. అలా కూడబెట్టుకున్న నమ్మకం ఆ ఒక్కరోజు అక్కరకొచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. నీళ్ల సంగతి, మిగతా హామీల సంగతి మీద రాయలసీమ ఇప్పటికీ నిలదీస్తూనే ఉంది, నిలదీయడానికి ఆ కాగితమే ఆధారం.

ఆ తరవాత

ఒప్పందం కుదిరి అయిదు నెలలైనా నిండకముందే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు పోయారు. పత్రిక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ చేతికొచ్చింది. ఆ ఆగస్టులోనే మద్రాసులో రామనాథ్ గోయెంకా ‘ఆంధ్రప్రభ’ మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎదురులేని ఆంధ్రపత్రికకు అసలు పోటీ పెద్దాయన లేని ఏడాదే వచ్చింది. అయినా శంభుప్రసాద్‌గారు పగ్గాలు వదల్లేదు. ఆంధ్రపత్రికా, భారతీ కూడా 1991 దాకా వచ్చాయి. పత్రిక ఎనభై ఏళ్లు దాటింది, భారతి డెబ్బైకి దగ్గరపడింది. నష్టాల పత్రికలకు అది చిన్న ఆయుర్దాయం కాదు. జిల్లా జిల్లాకూ ఎడిషన్లు, ఆఫ్‌సెట్ యంత్రాలు, రంగుల పేజీలు వచ్చిపడ్డాక ఆ పాత ఇంటి పద్ధతి తట్టుకోలేకపోయింది.

లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది. ఆయన పోయాక ఇతరులు పెట్టిన పేరు. ఉదయం నడకకు వచ్చే మైలాపూరు పెద్దలతో నిండిపోయే ఆ పార్కు పేరులోని నాగేశ్వరరావు ఎవరని అడిగితే, తమిళ మిత్రులు ‘అమృతాంజన్ వాళ్లు’ అని టక్కున చెబుతారు. కంపెనీ 1936లోనే పబ్లిక్ లిమిటెడ్ అయింది. ఇప్పటికీ లజ్ చర్చి రోడ్డులోనే దాని ఆఫీసు, ఆ కుటుంబమే నడుపుతోంది. పసుపు పచ్చ బామ్‌తోబాటు రోల్‌ఆన్, ఆడవాళ్ల శానిటరీ నాప్కిన్లు, ఎండలో తాగే ఎలెక్ట్రొలైట్ పానీయాలు కూడా అమ్ముతోంది. భారతి పాత సంచికలు చాలావరకు స్కాన్ అయి కంప్యూటర్లో దొరుకుతున్నాయి. తెలుగు శాఖల్లో పరిశోధన చేసే పిల్లలు వాటిని దించుకుని, కావలసిన వ్యాసం వెతుక్కుని, అధోజ్ఞాపికలో ‘భారతి, రక్తాక్షి’ అనో ‘భారతి, ప్రభవ’ అనో సంవత్సరం వేసుకుంటున్నారు.